చెవుల మీద చేతులు

క్రిస్మస్ ముందురోజు వనపర్తిలో నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె, జ్వరంతో పడుకున్న పాప చెవులను రెండు అరచేతులతో మూసి పట్టుకుంది. ముందు సీటాయన ఫోన్‌లో క్రిస్మస్ పాటలు బస్సంతా మోగుతున్నాయి.

“జర తగ్గించుమని చెప్పరాదమ్మా?” అన్నాను.

“యేసయ్య పాటలు గదక్కా. వద్దంటే పాపం తగుల్తదంట.”

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను.

“ఏమయ్యా, పశుల తొట్టెల పండుకున్న పసిబిడ్డ పండుగకు పోతున్నవు. గీడ పండుకున్న బిడ్డ కానొస్తలేదా?”

గొణుక్కుంటూ ఆపేశాడు. ఆమె చేతులు తీసి, తిమ్మిరెక్కిన వేళ్ళు విదిలించుకుంది. పాప నిద్ర చెదరలేదు.

గోపాల్‌పేటలో వాళ్ళు దిగేదాకా ఆ నిశ్శబ్దంలోనే ప్రార్థన చేసుకున్నాను. ఆ బస్సులోనే నాకు అంత మంచి పండుగ ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.

పాపం తగుల్తదని ఆమెకు నేర్పినవాళ్ళ మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు. ఆ సంగతి కూడా ఆ దేవునికే చెప్తున్నాను.