ఫ్రెల్కా దిగేదాకా ఆగిన పెళ్లి

కటోవిట్సే పక్కన గని కాలనీలో అలోయిజ్ పీహాచెక్ లెక్కంటే లెక్కే. మాగ్డెబర్గ్‌లో పందెపు పావురాల్ని వదిలారంటే తన గూటికి ఆకాశమార్గాన ఐదువందల యాభై కిలోమీటర్లు, గాలి అనుకూలిస్తే ఏడు గంటలు, అని నోటితోనే తేల్చేస్తాడు. ఏళ్ల తరబడి పందెం కాస్తున్నా ఒక్కసారీ గెలవలేదు పాపం. ఈసారి మాత్రం కూతురు ఉర్షులా చేతి మేత తిని పెరిగిన ఫ్రెల్కా అనే పావురం మీదే ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు.

తీరా చూస్తే పందెం, ఉర్షులా పెళ్లి ఒకే రోజున పడ్డాయి.

"ఏం కంగారు లేదు. పొద్దున ఆరింటికి వదిలితే ఒంటిగంటకల్లా ఫ్రెల్కా గూట్లో ఉంటుంది. ఒకటిన్నరకి పిల్లను దీవించి చర్చికి బయల్దేరదాం," అన్నాడు అలోయిజ్.

కాబోయే అల్లుడు దారెక్ ఫోనులో దూరం చూశాడు. "ఆరువందలు దాటిందే, మామయ్యా?"

"అది రోడ్డు లెక్కయ్యా! నా పిట్ట బస్సెక్కి వస్తుందనుకున్నావా?"

ఆ రోజు మాగ్డెబర్గ్‌లో పొగమంచు పట్టి పావురాల్ని అరగంట ఆలస్యంగా వదిలారు. సరిగ్గా ఒకటిన్నరకి, బ్యాండువాళ్లు, చుట్టాలు, తెల్లగౌనులో ఉర్షులా పెరట్లో చేరేసరికి, ఆకాశంలో ఫ్రెల్కా! ఒంటరిగా, అందరికంటే ముందు! కానీ గూటి గుమ్మం దాటితేనే యంత్రంలో టైము నమోదవుతుంది. అది కిందికి చూసింది, బెదిరింది, ఇంటికప్పు మీద కూర్చుంది.

అలోయిజ్ నెత్తి కొట్టుకున్నాడు. పందెం రోజున పావురాలు బెదురుతాయని ఆ కాలనీలో ఎవరూ పెరట్లో తెల్లదుప్పటి కూడా ఆరేయరు. అలాంటిది ఈ మహానుభావుడు పెళ్లికూతుర్నీ బ్యాండునూ తెచ్చి నిలబెట్టాడు!

"దాక్కోండ్రా బాబూ!"

బాకాలతో సహా అందరూ బొగ్గుల కొట్టులో దూరారు. ఫ్రెల్కా కదిలితేగా! అంతలో చర్చి గంటలు మోగాయి.

"పోనీండి. పిల్ల పెళ్లి కంటే నాకు పందెం ఎక్కువ కాదు. పదండి," అన్నాడు అలోయిజ్.

"ఎక్కడికి పదండి? నువ్వు కూర్చో నాన్నా!"

ఉర్షులా మేలిముసుగు తీసి దారెక్ చేతిలో పెట్టింది. అతని నల్లకోటు గౌను మీద తొడుక్కుని బయటికొచ్చి, రోజూ మేత వేసేటప్పటిలాగే ఈల వేసింది. ఫ్రెల్కా మెడ వంచి చూసింది. రివ్వున దిగి గూట్లోకి నడిచింది. గుమ్మం దగ్గరి యంత్రం కుయ్‌మంది.

పక్కవీధుల్లోకి ఫోన్లు వెళ్లాయి. ఇంకెవరి పిట్టా రాలేదు! కొట్టులోంచి బాకాలు హోరెత్తాయి. అలోయిజ్ తన పెళ్లాం ట్రుడాను ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

"ముసలాడా, దింపు! ముందు పిల్లను దీవించు!" అని అరిచింది ట్రుడా నవ్వుతూ.

ఉర్షులా, దారెక్ మోకరిల్లారు. నెల రోజులుగా బట్టీపట్టిన దీవెనలో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు అలోయిజ్‌కు. కూతురి తల మీద చెయ్యి పెట్టి భోరుమన్నాడు.

"నువ్వు ఎప్పుడైనా రా, తల్లీ. నీకు మాత్రం టైము చూడను."