వెంకటలక్ష్మి గొంతులో జలగ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం పంట సార్వాకు వరినాట్లు సాగుతున్న రోజుల్లో, నేను కాకినాడలో ఒక ఆసుపత్రిలో సీనియర్ అనస్థటిస్టుగా పనిచేస్తున్నాను. జనం మమ్మల్ని మత్తు డాక్టర్లంటారు. మత్తివ్వడం మా పనిలో చిన్న భాగం. ఆపరేషన్ సాగినంతసేపూ రోగి ఊపిరి ఆగకుండా చూడడమే అసలు పని.

ఒక ఉదయం ఈఎన్‌టీ సర్జన్ సుధారాణి గారు నన్ను తన ఓపీకి రమ్మని కబురు చేశారు. సర్జన్ మత్తు డాక్టరును ఓపీకే పిలిచారంటే, రోగి గొంతులో గాలి దారి ఇరుగ్గా ఉందని అర్థం. కుర్చీలో ముప్పై ఏళ్ల మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కొంగు మీద రక్తం మరకలు. పేరు వెంకటలక్ష్మి. రామచంద్రపురం అవతల ఒక పల్లెలో నాట్ల కూలి. భర్త సూరిబాబు మాస్కు పెట్టుకుని, ఆమెకు దూరంగా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

కొన్ని వారాలుగా దగ్గితే రక్తం పడుతోంది. ఊళ్లో క్షయ అన్నారు. అత్తగారు కంచం, గ్లాసు వేరు చేసింది. కూతుర్ని దగ్గరికి పోనివ్వలేదు. కఫం పరీక్షలో ఏమీ లేదని తేలింది, ఛాతీ ఎక్స్‌రే కూడా బాగుంది. అయినా కంచం వేరుగానే ఉండిపోయింది. పైగా గొంతులో ఏదో పాకుతోందని ఆమె అంటోంది. ఆ మాట విని అంతకుముందు చూసిన డాక్టరు మానసిక వైద్యుడికి చీటీ రాసి పంపాడు.

"పడుకుంటే పైకొస్తందండి. దగ్గితే కిందికి జారిపోద్ది. ఎవరికి చెప్పినా నవ్వుతున్నారండి," అంది. గొంతు బొంగురుపోయి మాటలో సగం గాలే వస్తోంది.

సూరిబాబు నన్ను పక్కకు పిలిచి, "దీనికి మతి కూడా చెడిందేమోనండి, అదీ చూడండి," అన్నాడు.

సుధారాణి గారు చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ఆమె గొంతులోకి దించారు. తెర మీద స్వరతంతువుల కింద నల్లటిదేదో కనిపించింది. రక్తం గడ్డ అనుకున్నాను. ఆమె ఊపిరి వదిలింది. గడ్డయితే గాలితో పాటు పైకి కదలాలి. ఇది గాలికి ఎదురు లోపలికి ముడుచుకుపోయింది. కాసేపటికి దాని కొన ఒకటి దారంలా సాగి తంతువుల సందులోంచి పైకి వచ్చింది. అటూ ఇటూ తడిమింది. వెలుతురు పడగానే మళ్లీ కిందికి జారింది.

"జలగ," అన్నారు సుధారాణి గారు.

వెంకటలక్ష్మి మొహం తేటపడింది. "అయితే క్షయ కాదు కదండి? నాకు పిచ్చీ లేదు కదండి?" అని అడిగి, భర్త వైపు తిరిగి, "విన్నావా?" అంది. సూరిబాబు అప్పటికే గుమ్మం దాటి బయటికి పోయి గోడ పక్కన కక్కుకుంటున్నాడు. అతనూ పొలం మనిషే. నాట్లలో కాలికి పట్టిన జలగను సున్నం రాసి లాగి గట్టు మీదికి విసిరేసి మళ్లీ వంగి పని చేసుకునేవాడే. లోపల ఉందనేసరికి తట్టుకోలేకపోయాడు.

పిల్ల జలగ దారం ముక్కంత ఉంటుంది. కాలవ నీళ్లు దోసిలితో తాగినప్పుడు వెళ్లి ఉంటుంది. దానికి రెండు చివర్లా పట్టు ఉంది. వెనక పట్టు బిగించి ఒళ్లు సాగదీస్తుంది, ముందు కొన అతికించి వెనక భాగాన్ని లాక్కుంటుంది. ముడుచుకుంటే చిక్కుడు గింజంత, సాగితే వేలెడు. దాన్ని తీయడంలో కష్టమంతా అక్కడే ఉంది.

మామూలుగా మేము కండరాలు సడలించే మందిచ్చి గొంతులోకి గొట్టం వేస్తాం. ఇక్కడ గొట్టం తోస్తే జలగ ఇంకా లోపలికి పోయి ఊపిరి దారి మూసేయవచ్చు. అందుకని ఆమె ఊపిరి ఆమే తీసుకునేలా ఉంచి, గ్యాసుతోనే మత్తివ్వాలి. తిమ్మిరి మందు చల్లితే జలగ పట్టు వదులుతుంది. కానీ ముందే చల్లితే వదిలి ఊపిరితిత్తిలోకి జారుతుంది. సర్జన్ ముందు పట్టుకోవాలి, తరవాత నేను చల్లాలి. మర్నాడు థియేటర్లో అలాగే మొదలుపెట్టాం.

మొదటిసారి జలగ పట్టకారులోంచి జిగటగా జారి కనపడకుండా కిందికి పోయింది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గుతోందని చెబుతూ మానిటరు కూత స్వరం దిగసాగింది. నేను ఆపమన్నాను. సుధారాణి గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దవడ పైకెత్తి మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చాను. కూత మెల్లగా పైకొచ్చింది. మళ్లీ నోరు తెరిచి, వెలుతురు పక్కకు తిప్పి ఎదురుచూశాం. జలగ తనంతట తానే పైకి పాకింది. ఈసారి పట్టు దొరికింది. నేను మందు చల్లాను. అది వదిలింది.

సెలైన్ పోసిన ట్రేలో వేస్తే రిబ్బనులా అలలు తిరుగుతూ ఈదింది. అంచుకు అతుక్కుని, జానలు కొలుస్తున్నట్టు పాకి, ట్రే దాటి గుడ్డ మీదికి వచ్చింది. ఎవరో కెవ్వుమన్నారు. ఒక నర్సు స్టూలెక్కేసింది. అంతసేపు బిగబట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. నా చూపు వెంకటలక్ష్మి ఛాతీ మీదే ఉంది. ఆమె నోరు ఇంకా తెరిచే ఉంది.

ఆ గోలలో సిబ్బందిలో ఒకరు ఫోనులో వీడియో తీశారు. తెరిచిన నోరు, ఆమె మొహం, పాకుతున్న జలగ, మా నవ్వులు, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె డిశ్చార్జయి ఇంటికి చేరకముందే అది ఊరు చేరింది.

నెల తరవాత గొంతు పరీక్షకు సుధారాణి గారి ఓపీకి ఒక్కతే వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. గొంతు పూర్తిగా నయమైంది.

"మేస్త్రి నన్ను నాట్ల ముఠాలోంచి తీసేశాడండి," అంది. "నా కడుపులో గుడ్లు పెట్టిందంటండి. మా అత్త నా చేతి కూడు తినట్లేదు. పిల్లని బళ్లో జలగా జలగా అంటున్నారు."

జలగ తడిమట్టిలో గుడ్లు పెడుతుంది తప్ప మనిషి ఒంట్లో పెట్టదని చెప్పాను. సూరిబాబును పిలిపించండి, అతనికీ నేనే చెప్తానన్నాను.

"ఆయన రాడండి. మీరు చెప్పింది నాకర్థమైంది. వాళ్లకి వీడియో ఉంది కదండి." తరవాత, "నా మొహం మీద గుడ్డ ముక్కయినా వెయ్యలేకపోయారా అండి?" అని అడిగింది.

సుధారాణి గారు తల దించుకున్నారు.

విచారణ జరిగింది. వీడియో తీసినవారికి మెమో ఇచ్చి వేరే విభాగానికి మార్చారు. వీడియో మాత్రం తిరుగుతూనే ఉంది. వెంకటలక్ష్మి కూతుర్ని తీసుకుని ఊరు వదిలేసింది. కాకినాడ దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తోందని, అక్కడ తన ఊరి పేరు చెప్పడం లేదని తరవాత సుధారాణి గారి ద్వారా తెలిసింది. సూరిబాబు వెంట వెళ్లలేదు.

ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా, నాది సహా అందరి ఫోన్లూ థియేటరు తలుపు బయటే పెట్టించాను. కొందరికి కోపం వచ్చింది. మత్తులో ఉన్న మనిషి తన ఊపిరి తాను చూసుకోలేదు, తన మొహం తాను కప్పుకోలేదు. మొదటిది నా పని అని చదువులోనే నేర్పారు. రెండోది కూడా నా పనేనని వెంకటలక్ష్మి వల్ల తెలిసింది.