కంభం చెరువులో ఉతికిన గుడ్డ

పెడన కలంకారీలో ఎరుపు నిలవాలంటే పారే నీళ్లు కావాలి. అచ్చులద్దిన గుడ్డని కాలవలో పరిచి పట్టుకుంటే, రంగు పట్టడానికి అద్దిన పటికలో ఎక్కువైంది ప్రవాహంలో కొట్టుకుపోతుంది. పోకపోతే తెల్లచోట్ల అంటుకుని, రంగులో ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. వెంకటాద్రి పుట్టి పెరిగిందీ, గుడ్డలుతికిందీ ఆ కాలవ గట్టునే. ఇప్పుడందులోకి చేపల చెరువుల మురుగు వదులుతున్నారు. వదిలేవాళ్లకి సిగ్గు లేదు, అడగాల్సినవాళ్లకి నోరు లేదు. ఎరుపు ఇటుకపొడిలా వస్తోంది.

అద్దకం షెడ్డు యజమాని ధనుంజయరావు విసిగిపోయాడు. "ఇంకోచోట నీళ్లు చూద్దాం బాబాయ్. కుదిరితే ఉతుకూ ఉడుకూ అక్కడికి మారుద్దాం. లేదంటే ఇక ఉతుకక్కర్లేని స్క్రీన్ ప్రింటింగే."

స్క్రీన్ బల్లకి కుర్రాళ్లు చాలు. అరవై దాటిన వెంకటాద్రికీ, అతని భార్య చిలకమ్మకీ అక్కడ చోటుండదు.

ముగ్గురూ కారులో కంభం వెళ్లారు. నల్లమల అడవుల నడుమ పాత ఊరు. ఎప్పుడో రాజులు కొండల మధ్య కట్ట వేసి నిలిపిన చెరువు. చిలకమ్మ దోసిట పట్టి తాగింది.

"కొబ్బరినీళ్లేనయ్యా. మన కాలవా ఒకప్పుడు ఇట్టాగే ఉండేది."

"తాగడానికొచ్చావా, ఉతకడానికొచ్చావా?" అంటూ నవ్వాడు వెంకటాద్రి. అతను నవ్వి చాలాకాలమైంది.

తూము కింద కాలవ పారుతుంటుందనుకుంటే అది ఎండి ఉంది. చెరువులోనే గుడ్డ పరిచాడు. అది కదల్లేదు.

తూము దగ్గరున్న కాపలా మనిషిని బతిమాలాడు. "కాసేపు తలుపెత్తండి బాబూ."

"నారుమళ్లకే ఇంకా వదల్లేదు పెద్దాయనా. నీ గుడ్డకి వదలమంటావా?"

ఆ మాటలో తప్పు లేదు. వెంకటాద్రి మొలలోతు దిగి, గుడ్డ కొస పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. నీళ్లు పారకపోతే తనే పారదామనుకున్నాడు. రెండో కొస చిలకమ్మ పట్టింది. ఊపిరందక ఆమె గట్టు మీద కూలబడేదాకా నడిచారు.

ఊరి చివర పొయ్యి పెట్టి, గంగాళంలో ఉడికించి తీశారు. అచ్చేసిన పువ్వు ముదురెరుపుగా దిగింది. చుట్టూ తెల్లగా ఉండాల్సిన గుడ్డంతా కూడా అంతే ఎర్రబారింది.

"ఎరుపు బాగుంది కదండీ," అంది చిలకమ్మ.

"పువ్వేది పిన్నీ?" అన్నాడు ధనుంజయరావు మెల్లగా. కోప్పడి ఉంటే బతిమాలుకునేవాళ్లు.

తిరిగి పెడన బయల్దేరారు. పామర్రులో టీకి ఆగినప్పుడు ధనుంజయరావు అన్నాడు, "ఇక స్క్రీనే బాబాయ్. షెడ్డు ఊడవడానికి పిన్ని రావచ్చు."

"మరి నేనో?" అన్నాడు వెంకటాద్రి.

ధనుంజయరావు టీ సగంలో వదిలేసి కారెక్కాడు.