రెండో సాక్షి గదిలో లేడు

నాకు కుళ్ళు ఎక్కువ. చిన్నప్పటి నుంచీ ఉన్న గుణమే. ఖతార్ వచ్చి లేబర్ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేరాక అది ఇంకా ముదిరింది. పక్క మంచం వాడికి నాకంటే ముందు సెలవు దొరికితే రెండు రోజులు వాడితో మాట్లాడేవాణ్ణి కాదు. ఈ గుణం దాచిపెట్టి రాసేటట్లయితే ఈ సంగతి రాయడమే దండగ.

ఆ క్యాంపులోంచి నన్ను బయటికి తెచ్చింది ఒక ఇంగ్లీషు ఇంజనీరు. భార్య పోయింది, ఒక్క కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. ముసలితనం వచ్చినా ఆయన దోహా వదల్లేదు. అక్కడి అల్ హిలాల్ పేటలో ఆయన విల్లాలో ఉత్తరాలు, బిల్లులు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు చూడ్డానికి నన్ను పెట్టుకున్నాడు. నా ఇంగ్లీషు ఆయనకు నచ్చింది. వంటకు అప్పటికే నిజామాబాద్ భాయ్ ఒకడున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నన్ను తమ్మీ అని పిలిచేవాడు.

సాయంత్రం నాలుగు దాటితే సార్ వంటింట్లోకి వెళ్ళి కూర్చునేవాడు. భాయ్ ఉల్లిగడ్డలు తరుగుతూ దక్కనీలో ఏదో చెప్పేవాడు. సార్ ఇంగ్లీషులో ఏదో అనేవాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. నేను హాల్లో ఆయన బీమా కాగితాలు సర్దుతూ ఆ నవ్వు వినేవాణ్ణి. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను, నవ్వేదేమో వాళ్ళిద్దరూ. ఒళ్ళు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"గంతగనం నవ్వుతున్రు, సార్ ఏమన్నడు భాయ్?"

"నాకేమెర్క తమ్మీ? ఆయన నవ్విండు, నేను నవ్విన."

ఆ జవాబుతో నా కుళ్ళు రెట్టింపయింది. అక్కడ ఏదైనా జోకంటూ ఉంటే నేర్చుకుని నేనూ చెప్పేవాణ్ణి. ఏమీ లేకుండానే నవ్వుకునే ఇద్దరి మధ్యలోకి ఎట్లా దూరతాం? నేనూ తక్కువ ప్రయత్నాలు చేయలేదు. పొద్దున్నే క్రికెట్ స్కోర్లు కంఠతా పట్టి ఆయనకు అప్పజెప్పేవాణ్ణి. ఎంతో మర్యాదగా "థాంక్యూ" అనేవాడు. జీతం పెంచాడు, సెలవుకు టికెట్ కొనిచ్చాడు. మాట తప్పిన మనిషి కాదు. నాతో మాత్రం ఎప్పుడూ అట్లా నవ్వలేదు.

ఒక ఉదయం సార్ నన్నూ డ్రైవర్‌నూ హాల్లోకి పిలిచాడు. డ్రైవర్ జగిత్యాల వైపు కుర్రాడు, అద్దె కార్ల కంపెనీ నుంచి మా విల్లాకు డ్యూటీ మీద వచ్చేవాడు. బల్ల మీద వీలునామా ఉంది. లండన్ లాయరు రాసి పంపింది. దానితో వచ్చిన సూచనల కాగితం సార్ మాకు చదివి చెప్పాడు. తాను సంతకం పెట్టేటప్పుడు సాక్షులు ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండి చూడాలి, ఆ తర్వాత వాళ్ళు పెట్టాలి. లోపల ఏముందో మేం చదవాల్సిన పని లేదు.

అంతలో డ్రైవర్ ఫోను మోగింది. ఎయిర్‌పోర్ట్‌లో ఎవరో దిగి ఎదురుచూస్తున్నారట, యల్లా యల్లా, తొందరగా కదులు అని కంపెనీవాడు అరవడం మాకూ వినబడింది.

"అన్నా, నేను పోవాలె. అచ్చినంక పెడ్త," అని నాతో అని వాడు పరుగెత్తాడు.

వాడు తిరిగొచ్చాకే చేద్దామని సార్ కలం పక్కన పెట్టాడు. తొందరపెట్టింది నేను. క్యాంపులో నాలుగేళ్ళు టైమ్‌షీట్లు నడిపినవాణ్ణి. వాటి మీద ఫోర్‌మన్ పొద్దున పెడతాడు, ఇంజనీరు సాయంత్రం పెడతాడు, ఒకరి మొహం ఒకరు చూడరు. అయినా కాగితం చెల్లుతుంది. "పర్వాలేదు సార్, రెండు సంతకాలుంటే చాలు, అతను వచ్చి పెడతాడు" అన్నాను. మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాలని కూడా గుర్తుచేశాను. ఆయన నా మాట విన్నాడు. సంతకం పెట్టాడు, కింద నేను పెట్టాను. ఇంత పెద్ద విషయంలో నా మాట విన్నాడని ఆ రోజంతా గర్వంగా తిరిగాను. డ్రైవర్ సాయంత్రం వచ్చి పెట్టాడు. అప్పుడు నేను మందుల షాపులో ఉన్నాను.

ఏడాదికి సార్ పోయాడు. లండన్ లాయరు వీడియోలో వీలునామా చదువుతుంటే భాయ్‌కి తెలుగులో చెప్పే పని నా మీద పడింది. ఆస్తంతా కొడుక్కి, ఒక్కటి తప్ప. ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున సార్ తల్లి ఉండిన చిన్న ఇల్లు మా వంటవాడికి రాశాడు. ఆ మాట నా నోటితో నేనే చెప్పాలి. చెప్పాను.

"ఇల్లా? నాకా?" అని భాయ్ అక్కడే ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లెక్క వేసుకున్నాడు. "అమ్మేసి నిజామాబాద్ బస్టాండ్ కాడ చిన్న హోటల్ పెడ్త తమ్మీ. పొయ్యి కాడ నిలవడుడు ఇగ నాతోని గాదు. గల్లా కాడ కూసుంట."

నా పేరు ఆ కాగితంలో ఒకేచోట ఉంది, సాక్షి సంతకం దగ్గర. 

కొడుకు లండన్ కోర్టులో దావా వేశాడు. తండ్రికి మతి సరిగా లేదని, వంటవాడు లోబరుచుకుని రాయించుకున్నాడని. డాక్టరు వచ్చి సార్‌కు చివరి దాకా బుర్ర శుభ్రంగా పనిచేసిందని చెప్పేశాడు. ఇంగ్లీషు ముక్క రాని వంటవాడు లోబరుచుకున్నాడంటే ఎవరూ నమ్మలేదు, ఇక కొడుకు దగ్గర వాదించడానికి ఏమీ మిగల్లేదు. సాక్షిగా నన్ను పిలిచారు. డ్రైవర్ కంపెనీ మారాడు, వాణ్ణి ఎవరూ వెతకలేదు. మేమిద్దరం కలిసి చూశామని వీలునామా మీద టైపు కొట్టి ఉన్నప్పుడు అనుమానం ఎవరికొస్తుంది?

ఇంటికి ఫోన్ చేసి చెబితే నా భార్య తేల్చేసింది, ఆమెకు గల్ఫంతా దుబాయే. "దుబాయ్ల ఉండి లండన్ కోర్టేంది? నీకేమన్న అస్తదా అండ్ల?" ఏమీ రాదన్నాను. "మరి నీకెందుకు, అడిగిందానికి చెప్పి ఊకో."

ఈలోపు నేను చదువుకున్నాను. సాక్షులిద్దరూ ఒకేసారి ఎదురుగా లేకపోతే ఇంగ్లీషు చట్టంలో వీలునామా చెల్లదు. చెల్లకపోతే సార్ అంతకుముందెప్పుడో రాసిన పాత వీలునామా నిలుస్తుంది. అందులో అంతా కొడుక్కే. నాకు అందులోనూ ఏమీ లేదు, ఇందులోనూ ఏమీ లేదు.

అల్ దోహా అల్ జదీదాలో ఒక లాయరాఫీసులో, లండన్ కోర్టు వీడియోలో కనబడే తెర ముందు నన్ను కూర్చోబెట్టారు. ఖాళీ కడుపుతో మాట్లాడొద్దని పొద్దున్నే భాయ్ నాకు ఖీమా, రొట్టె చేసి తినిపించాడు. బయట బెంచీ మీద కూర్చుని దువా చేసుకుంటున్నాడు. ఇది మీ సంతకమేనా? అవును. ఆయన మీ ఎదురుగా పెట్టారా? అవును. తెలివితో ఉన్నారా? అవును. లాయర్లిద్దరూ చాలన్నారు. అప్పుడు జడ్జిగా ఉన్న పెద్దావిడ ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని మర్యాదకు అడిగింది.

ఆ క్షణంలో నాకు సత్యం, ధర్మం ఏవీ గుర్తురాలేదు. గల్లా దగ్గర కూర్చున్న భాయ్ కనిపించాడు. చుట్టూ జనం, అందరూ నవ్వుతూ.

"అప్పుడు రెండో సాక్షి గదిలో లేడు," అన్నాను.

ఎక్కడికి వెళ్ళాడని అడిగారు, ఎయిర్‌పోర్ట్ డ్యూటీకి అన్నాను. ఆగుదామన్న మనిషిని తొందరపెట్టింది ఎవరని అడగలేదు. అడగని మాట ఒకటి చెప్పాను, అడగని ఇంకోటి మింగేశాను. డ్రైవర్‌ను వెతికి పట్టుకున్నారు. కార్ల కంపెనీ ట్రిప్ షీట్‌లో ఆ రోజు టైముతో సహా ఉంది. వీలునామా కొట్టేశారు. నా నిజాయితీకి కృతజ్ఞతలని కొడుకు మెయిల్ పెట్టాడు. ఆ వారమంతా నాకు హాయిగా నిద్ర పట్టింది, అది కూడా రాయాలి కదా.

భాయ్ అల్ మన్సూరాలో ఒక మెస్సులో వంటకు కుదిరాడని తెలిసి ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. పరామర్శకు కాదు, ఎట్లా ఉన్నాడో కళ్ళారా చూద్దామని. మోకాలికి పట్టీ చుట్టుకుని పెద్ద గంజు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గరిటె వదిలేసి కుంటుకుంటూ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. భోజనాల దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ మన జిల్లాలవాళ్ళే.

"గీ తమ్మున్ని సూడున్రి," అన్నాడు వాళ్ళతో. "లండన్ జడ్జి ముంగట గూడ అబద్ధం ఆడలే. నాకు ఇల్లు పోతదని ఎర్కుండి గూడ ఆడలే. నా సొంత కొడుకైనా గిట్ల నిలవడునో లేదో!"

ఎవరో జరిగి చోటిచ్చారు, ఎవరో నీళ్ళు పోశారు. ఆ రోజు తొందరపెట్టింది నేనేనని అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా పళ్ళెం ముందు కూర్చున్నాను. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. రవ్వంత కనబడినా నా ప్రాణం తెరిపిన పడేది. లేదు. ఆయన ఇంకేదో అన్నాడు, గదిలో ఇరవై మందీ గొల్లున నవ్వారు. నాకు మళ్ళీ అదే కుళ్ళు. ఇల్లయితే కోర్టులో పోగొట్టగలిగాను. ఈ నవ్వును ఆయన దగ్గర నుంచి ఏ కోర్టులో పోగొట్టాలో నాకు తెలియలేదు.