చలికాలం, బీదర్ దారి, దగ్గే మోటారు

చలికాలంలో బీదర్ వెళ్లొచ్చా, బండికి ఏమేం చూసుకోవాలి అని ఈ మధ్య తెలిసిన కుర్రవాళ్లు అడుగుతున్నారు. నిక్షేపంగా వెళ్లండి. డిసెంబరులో బీదర్ కోట మీద ఉండేంత శుభ్రమైన ఆకాశం మరే నెలలోనూ కనపడదు. ఇప్పటి రోడ్డు మీద టిఫిన్ చేసి బయల్దేరితే భోజనానికి అక్కడుంటారు. నేను మొదటిసారి వెళ్లింది మాత్రం రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో, యాకుత్‌పురా నుంచి, పొద్దున లేస్తే దగ్గే ఒక పాత మోటారులో. చలికి బండిని ఎలా కాపాడుకోవాలో నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆ ఒక్క ప్రయాణంలోనే నేర్చుకున్నాను. అందుకని ఆ ప్రయాణమే రాస్తున్నాను. మధ్యలో పక్కదారి పడితే ఓపిక పట్టండి, మా కాలం డ్రైవర్లందరికీ అది ఉన్న జబ్బే.

మా ఇంటి గోడకు ఆనుకునే ఖాజా భాయ్ వాళ్ల దేవిడీ, అంటే పాతకాలపు భవంతి, ఉండేది. మోటారు ఆయనది, దాని పిచ్చి నాది. ఆయన తల్లిని గల్లీ అంతా బడీ ఖాలా అనేవాళ్లం. పరదా పాటించే మనిషే అయినా నన్ను చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని సేమ్యా తినిపించింది కాబట్టి నా ముందు పరదా లేదు. ఆమె చెల్లెలు ఛోటీ ఖాలా బీదర్‌లో కాపురం. వాళ్లమ్మ పోయినప్పుడు ఆమె వెండి సుర్మాదానీ, అంటే కళ్లకు సుర్మా పెట్టుకునే చిన్న భరిణె, దాని పుల్ల, పెద్దావిడ దగ్గర ఉండిపోయాయి. అమ్మ అది నాకిస్తానంది అని చెల్లెలు, నాతో అనలేదు అని అక్క. అంతే, మాటలు ఆగిపోయాయి. రంజాన్‌కు సేమ్యా కూడా అటూ ఇటూ పోలేదు.

అలాంటి చెల్లెలు హజ్‌కు పోతోందని ఒక గురువారం సాయంత్రం కబురొచ్చింది. మర్నాడు మధ్యాహ్నపు రైలుకే ప్రయాణమట. ఆ రోజుల్లో హజ్ అంటే బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి వారాల తరబడి ఓడ. అందరూ తిరిగొస్తారన్న నమ్మకం లేదు. అందుకే పోయేవాళ్లు, పంపేవాళ్లు ఒకరినొకరు చూసుకుని ‘కహా సునా మాఫ్’ అనుకునేవాళ్లు. అన్న మాట, విన్న మాట అన్నీ క్షమించు అని. అది చెప్పుకోకుండా బయల్దేరితే మనసు నిలవదు. కబురైతే పంపింది గానీ చెల్లెలు రాలేదు. బడీ ఖాలా తస్బీ పూసలు తిప్పడం ఆపి, కొడుకును పిలిచింది.

“ఖాజా, మోటరు తియ్యి. పెద్దదాన్ని, నేనే పోత. రైలు కదిలిందంటే ఇగ నా బతుకంత గిదే కొర్రాయి గుండెల మండుతది.”

రైల్లో వెళ్తే వికారాబాద్‌లో బండి మారి చేరేసరికి ఆ మధ్యాహ్నపు రైలు వెళ్లిపోతుంది. కాబట్టి మోటారే దిక్కు. మోటారేమో ఆ వారమంతా స్టార్ట్ కావడానికి ప్రాణం తీస్తోంది. చలికి ఇంజన్ ఆయిల్ చెరుకుపాకంలా గట్టిపడేది. ఆ సాయంత్రం పాత ఆయిల్ వంపేసి పల్చటిది పోశాం. ప్లగ్గులు విప్పి, గీకి, బొగ్గుల సిగడీ మీద వెచ్చబెట్టాం. బ్యాటరీని పసిపిల్లలాగా ఇంట్లోకి తెచ్చి పడుకోబెట్టాం. రేడియేటర్‌కు కింది సగం గోనెపట్టా కట్టాం, చల్లగాలికి ఇంజన్ వేడెక్కడం ఆలస్యం కాకుండా. ముందు అద్దానికి కోసిన ఉల్లిగడ్డ రుద్దాం, మంచు పట్టకుండా. రేడియేటర్‌లో నీళ్లు కిందికి వదిలేసి, పొద్దున పోయడానికి, స్నానాలకు నీళ్లు కాచే హమామ్‌లో రాగి కాగు నిండా నీళ్లు పెట్టాం. బడీ ఖాలా తన రజాయి తెచ్చి బానెట్ మీద కప్పింది. ఈ పనులన్నిటికీ ముందు హ్యాండిల్ తిప్పితే బండి ఖళ్లు ఖళ్లుమని దగ్గి ఆగిపోవడం ఆమె విన్నది.

“పాపం, ఛాతీల పట్టేసింది దీనికి,” అంది ఆమె. మేం నవ్వాం. అక్కడే ఆగి ఆలోచించి ఉండాల్సింది.

తెల్లవారకముందే లాంతరు వెలుతురులో ప్లగ్గులు, బ్యాటరీ మళ్లీ బిగించి, కాగు ఎత్తి వేడినీళ్లు పోశాం. హమామ్ పొగలో ఇంకో వాసనేదీ తెలియలేదు. నేను హ్యాండిల్ పట్టాను. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి, లేకపోతే ఎదురు తన్ని విరగ్గొడుతుంది. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది! ఖాజా భాయ్ నన్ను కౌగిలించుకున్నాడు. వెనక సీటు పరదా లోపలి నుంచి “అల్‌హందులిల్లాహ్, ఫాయిదా జేసింది” అని వినిపించింది. దేవుడికి దండం పెడుతోందనుకున్నాం.

చార్మినార్, పురానాపూల్, కార్వాన్ దాటి లింగంపల్లి దారి పట్టాం. పటాన్‌చెరు దగ్గర పొగమంచు చేలమీద నుంచి రోడ్డుకు అడ్డంగా పారుతోంది. సంగారెడ్డిలో చాయ్ తాగే వేళకు ఎండ వచ్చింది. ఆ చాయ్ గురించి ఒక పేజీ రాయగలను, రాయను. సదాశివపేట ఇంకా దూరంగా ఉందనగా బానెట్ కింద నుంచి ఆవిరి బుసకొట్టింది.

గోనెపట్టా విప్పాం. లాభం లేదు. కాసేపాగి, తడిగుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పాను. హకీం దుకాణం తలుపు తీసినట్టు వాసన! ఖాజా భాయ్ ముక్కు ముందుకు పెట్టి, వెనక్కి తిరిగి, పరదా వైపు చూశాడు.

“అమ్మీ... దీంట్ల జోషాందా ఎట్లొచ్చింది?”

జోషాందా అంటే జలుబు కషాయం. అతిమధురం, ఎండు రేగుపళ్లు, జిగురు కారే లసోడా కాయలు.

“నేనే ఏసిన,” అంది పరదా. “దగ్గుతుంటే మందెయ్యరా? మనిషి కన్నా పెద్దది గదా అని రాత్రి కాగుల నాలుగు పొట్లాలు ఏసిన.”

“వడగట్టలే?”

“నీకు వడగడుతనా నేను? నములుకుంట తాగుతవు గదరా!”

కింద నీళ్లు వదిలే కుళాయి తిప్పితే చుక్క కూడా రాలేదు. రేగుతోలు అడ్డం పడింది. గడ్డిపోచ పెడితే విరిగింది, తీగ కోసం వెతికితే దొరకలేదు. ఎండ పైకి జరుగుతోంది. అప్పుడు పరదా పక్కకు తొలగి ఒక చెయ్యి బయటికొచ్చింది. అందులో వెండి సుర్మా పుల్ల.

ఖాజా భాయ్ దాన్ని గుర్తుపట్టాడు. “ఇది తెచ్చినవా అమ్మీ?”

“నా చెల్లెకే ఇద్దామని తెచ్చిన. మరి రైలు పోయినంక ఎవలికియ్యాలె? పొడువు.”

పొడిచాను. మూడోసారికి పుల్ల వంగింది, తోలు ఊడింది, గోధుమరంగు కషాయం రోడ్డు మీద పారింది. పక్క బావి దగ్గర మోట తోలుతున్న రైతు తోలుబొక్కెన నీళ్లు ఇచ్చాడు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది కాబట్టి అది చల్లారేదాకా చేతులు నలుపుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది. రైతు రోడ్డు మీది రేగుగింజల్ని చూశాడు.

“ఏందన్నా, మోటరుకు కషాయం తాపిన్రా?”

“హౌ అన్నా.”

“మరి దగ్గు తగ్గిందా?”

“పొద్దుగాల ఒక్క తిప్పుకే లేశింది బిడ్డా!” అని లోపలి నుంచి జవాబు. ఆమె మాటలో అబద్ధం లేదు.

పైనుంచి పోసి కింద వదలడం, తేటనీళ్లు వచ్చేదాకా అదే పని. తర్వాత జహీరాబాద్‌లో కూడా ఆగలేదు. బీదర్‌లో ఇంటికి వెళ్లకుండా నేరుగా స్టేషన్‌కు తిప్పాం. రైలు నిలబడే ఉంది. ఆడవాళ్ల జనానా డబ్బా దగ్గర పూలదండలు, ఏడుపులు. బడీ ఖాలా గుంపును చీల్చుకుంటూ వెళ్లి ఒక బురఖా ముందు నిలబడింది. భరిణె, పుల్ల చెల్లెలి చేతిలో పెట్టింది.

వాళ్లు మాట్లాడుకున్నది దక్కనీ ఉర్దూలో. నేను తెలుగులో రాస్తున్నాను.

చెల్లెలు పుల్లను వేళ్లతో తడిమింది. “ఇదేందక్కా, గిట్ల వంగింది? అమ్మది గదా! ఏం జేసినవు దీన్ని?”

“మోటరుకు సుర్మా పెట్టిన.”

“మోటరుకా?”

“ముందుగాల జోషాందా తాపిన. గది అరగలే.”

రెండు బురఖాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఊగిపోయాయి. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో బయటివాళ్లకు తెలియలేదు. గార్డు జెండా ఊపాక, డబ్బా కదులుతుంటే, కిటికీలోంచి చెల్లెలు అరిచింది: “కహా సునా మాఫ్, అక్కా!” ప్లాట్‌ఫారం మీద నడుస్తూ ఈమె అదే మాట అరిచింది.

ఛోటీ ఖాలా క్షేమంగా తిరిగొచ్చింది, మదీనా సుర్మా తెచ్చింది. ఆ తర్వాత భరిణె ఒక రంజాన్‌కు యాకుత్‌పురాలో, మరో రంజాన్‌కు బీదర్‌లో ఉండేది. కంసాలి పుల్లను సరిచేస్తానంటే ఇద్దరూ కలిసి అతన్ని తిట్టారు. చలికాలంలో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మంచి బళ్లలో వెళ్లాను, ఏ గొడవా లేకుండా చేరాను. ఆ ప్రయాణాల్లో చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. సదాశివపేటకు ముందు ఆ మలుపు వస్తే మాత్రం నాకిప్పటికీ అతిమధురం వాసన వేస్తుంది.

మీకు పనికొచ్చే మాట ఒక్కటే. బయల్దేరే రోజు పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగా, రేడియేటర్ మూత తీసి పట్టపగటి వెలుతురులో లోపలికి చూడండి. మీ బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే, రెండుసార్లు చూడండి.