కాంతమ్మ అరికాళ్ళు

కాంతమ్మ కాళ్ళకు నిప్పు అంటదని లింగాల చుట్టుపక్కల ఊళ్ళల్లో చెప్పుకుంటారు. ఎండ నడినెత్తిన ఉండగా, పెనంలా కాలిన బండమీద, చెప్పుల్లేకుండా నిలబడి ఒక్కతే జొన్నలు తూర్పారబట్టిందట. మిగతా ఆడవాళ్ళు కాళ్ళు కాలి నీడకు ఉరికితే ఆమె మాత్రం కదల్లేదట. అమ్మవారు పూనిందని కొందరన్నారు, పుట్టుకతోనే అంతని కొందరన్నారు. మాట కల్వకుర్తి సంతకు చేరేసరికి ఆ బండమీద నిప్పులు కూడా పోశారు.

కాంతమ్మకు యాభై దాటాయి. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లు. కొడుకు విజయ్ పూణేలో మట్టిపనికి పోయాడు. ఇంట్లో ఆమె, కోడలు శిల్ప. ఊరికే దాహమవుతున్నదని, ఒళ్ళు పీక్కుపోతున్నదని నాగర్‌కర్నూల్ దవాఖానకు పోతే షుగర్ అన్నారు. అక్కడి నర్సమ్మ గోలీలు చేతిలో పెట్టి, "గోలీ మింగి మూడు పూటలు అన్నమే తింటనంటే కుదరదమ్మా. జొన్న రొట్టె తిను. చాయల చక్కెర బంద్ చెయ్. చెప్పుల్లేకుండ ఇంట్ల సుత నడవకు. పొద్దుమూకంగ కాళ్ళు చూసుకో" అని చెప్పింది.

చెప్పడం తేలికే. చిన్నప్పుడు జొన్న గట్క తిని తిని మొహం మొత్తి, తెల్లన్నం దొరికిన రోజు పండుగ చేసుకున్న మనిషి కాంతమ్మ. రెండు రూపాయల బియ్యం వచ్చాక ఊరంతా జొన్నలు తినడం మరిచిపోయింది. ఇప్పుడు మళ్ళీ జొన్నలు తినమంటే, రేషన్ దుకాణంలో అవి ఇవ్వరు. అయినా శిల్ప ఎక్కడినుంచో తెచ్చి, తెల్లవారకముందే రొట్టెలు కొట్టేది.

"దవడలు గుంజుతున్నయే పిల్లా."

"నములు అత్తా. నమిలితేనే జల్ది కడుపు నిండుతది."

"నిండేది కడుపు కాదు, పానం ఇసిగిపోతున్నది."

సాయంత్రం పని నుంచి రాగానే శిల్ప ఆమె కాళ్ళు కడిగి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు చూసేది. కోడలి ఒళ్ళో కాళ్ళు పెట్టడానికి కాంతమ్మకు మొదట్లో సిగ్గేసేది. తర్వాత సిగ్గుపడే ఓపిక కూడా పోయింది. మొదట్లో అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. ఆ తర్వాత దూది మీద నడుస్తున్నట్టు. ఇప్పుడైతే నడుస్తుంటే చెప్పు జారిపోయినా వెనక్కి తిరిగి చూసుకుంటే తప్ప తెలియదు. ఈ సంగతి శిల్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోగమున్న మనిషిని కూలికి ఎవరు పిలుస్తారు?

ఆ ఏడు, కాంతమ్మను కూలికి పిలిచే సుభద్రమ్మ వాళ్ళ జొన్నలు ఊరిబయట పెద్దబండ మీద కల్లం చేశారు. రాశి దగ్గరికి చెప్పులతో ఎవరూ పోరు, అది లక్ష్మి. కాంతమ్మ బండ అంచు దాకా చెప్పులతోనే వచ్చి ఆగింది.

"ఏందే కాంతమ్మా, రాశి కాడికి చెప్పులా?" అన్నది సుభద్రమ్మ. కోపంగా కాదు, వింతగా.

కాంతమ్మకు తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగి ఆమె ఎన్నడూ ఆ పని చేయలేదు. అసలు సంగతి చెబితే రేపటి పని ఉండదు. చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

మధ్యాహ్నానికి బండ కాలింది. ఆడవాళ్ళు "అబ్బబ్బా" అంటూ చింతచెట్టు నీడకు ఉరికారు. అప్పుడే గాలి లేచింది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టాలని కాంతమ్మ చేట ఎత్తి నిలబడిపోయింది. పొట్టు ఎగిరిపోతుంటే, గింజలు కుప్పగా రాలుతుంటే చాలా రోజుల తర్వాత ఆమెకు పని తేలిగ్గా అనిపించింది.

"ఏం ఓపికే నీది!" అని సుభద్రమ్మ చక్కెర చాయ తన చేతులతో తెచ్చిచ్చింది. వద్దనలేక తాగింది.

ఆ సాయంత్రం శిల్ప కాళ్ళు కడుగుతుంటే ఎడమ అరికాలి తోలు చేతికి వచ్చింది.

"అత్తా! నొస్తలేదా?"

"ఏంది?"

శిల్ప ఏడ్చింది. రేపే దవాఖానకు పోదామన్నది. కల్లం అయిపోయాక పోదామని కాంతమ్మ పసుపు, నూనె పెట్టి గుడ్డ కట్టుకుంది. కల్లం అయ్యాక పల్లికాయ పీకే పని వచ్చింది. పుండు మానలేదు, వాసన పట్టింది.

అప్పుడొచ్చాడు నాగప్ప. జాతర జరిపించే పెద్దమనిషి. వాళ్ళ గడపలో ఎన్నడూ కూర్చోనివాడు ఆ రోజు కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఈసారి అగ్గిగుండం ముందుగాల నువ్వే తొక్కాలె అక్కా. ఊరంత గదే మాట."

ముందుగాల నువ్వు అని కాంతమ్మతో ఇంతవరకు ఎవరూ అనలేదు. లోపల తలుపు పట్టుకుని శిల్ప చూస్తున్నది.

"నాకు షుగరున్నది నాగప్పా," అన్నది చివరికి. "కాళ్ళల్ల స్పర్శ లేదు. నిప్పు పెట్టినా ఎరుకైతలేదు."

నాగప్ప రెండు చేతులూ జోడించాడు. "గదే కదక్కా మహిమంటే!"

శిల్పకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కాంతమ్మ గుడ్డ విప్పి చూపిద్దామని వంగింది. ఎందుకులే అనిపించింది. "నేను తొక్క. నాతోని కాదు. పోయిరా నాయినా," అన్నది. మొక్కుతుంటే మిడిసిపడుతున్నదని గొణుక్కుంటూ పోయాడు.

మరునాడు మొదటి బస్సుకే అత్తాకోడళ్ళు నాగర్‌కర్నూల్ పోయారు. నర్సమ్మ గుడ్డ విప్పి, ముక్కు మూసుకోకుండానే తిట్టింది. "గప్పుడే వస్తే కట్టుతోని పోయేది. ఇన్ని రోజులు ఏం చేసినవ్?" కాంతమ్మ గోడకు ఒరిగి అన్నీ విన్నది. జాతర అయిపోయేదాకా అక్కడి మంచం మీదే ఉన్నది.

ఇప్పుడు ఆమె కల్లానికి పోతే రాశికి దూరంగా గోనెపట్టా వేసుకుని, చెప్పులతోనే కూర్చుని చెరుగుతుంది. మొదట సణిగిన సుభద్రమ్మ ఇప్పుడు ఏమీ అనదు. చక్కెర లేని చాయ అడిగితే తోటి ఆడవాళ్ళు, "అమ్మవారికి తీపి పడదేమో" అని వెక్కిరిస్తారు. కాంతమ్మ ఆ చాయ తాగి మళ్ళీ చేట అందుకుంటుంది. పొద్దుగూకాక ఇంటికి నడుస్తుంది, రొట్టె నములుతుంది, కోడలి ఒళ్ళో కాళ్ళు పెడుతుంది. రేపు మళ్ళీ ఇంతే.

ఎడమ కాలి చిటికెన వేలు, దాని పక్క వేలు ఆ ఎండాకాలంలోనే దవాఖానలో తీసేశారు.