వెనక వరసలో బాబా

2008 ప్రాంతంలో అరబ్బు దేశంలో, నిజ్వా ఊర్లో ఒక ఇంట్లో వంటకు కుదిరినా. ఇంటి పెద్దాయన్ని అందరూ బాబా అంటాండ్రి, నేనూ అంతే. మగోళ్లు కూర్చునే మజ్లిస్ గదిలో నమాజుకు ఆయనే ముందు నిలబడేది. కొడుకులు, మనవళ్లు, మా కడప సాయిబు డ్రైవరూ వెనక.

నా బిడ్డకు తొలికాన్పు వస్తే పంపిస్తానని కుదిరిన రోజే మాటిచ్చినాడు. తీరా నెలలు నిండేటప్పటికి "ఇంటామెకు మోకాళ్లు బాగలేవు, రంజాన్ పోనీ, సబర్" అన్యాడు. సబర్ అంట సబర్! ఓపిక పట్టమంటే కాన్పు ఆగుతాదా? పాస్‌పోర్టేమో ఆయన బీరువాలో ఉండె.

ఆ సాయంత్రం నేను వాళ్ల కాఫీ, కావా పోస్తాంటే, బాబా మనవళ్లకు పాత చరిత్ర చెప్తాండాడు. ప్రవక్త పోయినాక ఎవురు పెద్ద కావాలని తగువంట. ఆయన ఇంటోళ్లే కావాలని కొందరు, ఆయన తెగోళ్లే కావాలని కొందరు.

"మన ఇబాదీ శాఖ పెద్దలు వంశం కాదు, నడత చూడమన్నారు. బానిసైనా సరే, నీతిగా ఉంటే ముందు నిలబడే ఇమామే. దారి తప్పితే దించాల్సిందే."

ఎంత మంచి మాట అనుకుంటి. అనుకుని ఊరుకుంటే నేనెందుకైతా? వచ్చిన అరబ్బీలోనే అడిగేస్తి.

"బాబా, మాట తప్పినోన్ని కూడా దించాల్నా?"

బాబా కప్పు కింద పెట్టె. "అక్కా, నీకేమన్నా పోయేకాలమా?" అని డ్రైవరు తెలుగులో గొణిగె.

ఇంతలో నమాజుకు బాంగు వినపడె. అందరూ లేసినారు, బాబా మాత్రం ముందుకు పోలే. డ్రైవరు భుజం పట్టి ముందుకు తోసినాడు. వాడు వద్దు వద్దంటే వినలే.

"నీకు ఖురాన్ బాగా వచ్చు. నాకు నా మాటే గుర్తు లేకపాయె" అన్యాడు.

ఆ ఇంటి యజమాని పోయి వెనక వరసలో, అదీ చివర నిలబడినాడు. గుమ్మం కాడ నుంచి చూస్తాంటే నాకు ఏడుపొచ్చె. మాట తప్పిన పెద్దమనుషుల్ని శానామందిని చూసినా గానీ, తనంతట తాను ఇట్ల దిగినోన్ని యాడా చూడలే.

తెల్లారి పాస్‌పోర్టు, టికెట్ తెచ్చి చేతిలో పెట్టినాడు. నేను ఊరికొచ్చిన వారానికి మనవరాలు పుట్టింది, మొదట ఎత్తుకున్నది నేనే. నిజ్వాకు ఫోన్ చేస్తే డ్రైవరు ఎత్తినాడు. తల్లీబిడ్డా బాగుండారని చెప్తే, వాడు గట్టిగా కేకేసి బాబాకు చెప్పె.

"అక్కా, నువ్వు పోయినప్పటి నుంచి నమాజు నాతోనే చేయిస్తాండాడు. ఎంత బతిమాలినా ముందుకు రాలే" అన్యాడు. ఫోన్లో బాంగు వినపడతాండాది. "అల్లా! బాబా లేసి ముందుకు పోతాండాడక్కా. ఉండు, నేను పోయి వెనక నిలబడాల."